పెట్టె ఎక్కడ?

రాత్రి మూడింటికి ఫోన్ మోగితే ఎవరింట్లోనైనా గుండె జారుతుంది. మా ఇంట్లో మాత్రం మా ఆవిడ అటు తిరిగి పడుకుని, "ఏదో పెట్టె పోయినట్టుంది, చూడండి" అనేది. ఆమె చెప్పింది ఎప్పుడూ తప్పేది కాదు. అవతల కంట్రోల్ రూం కుర్రాడు. "సార్, సిస్టంలో ఉందండి, కింద లేదండి" అంటాడు. నలభై అడుగుల పొడవు, సరుకుతో కలిపితే పాతిక టన్నుల పైమాటే. అలాంటి ఇనప పెట్టె కంచె వేసిన ఆవరణలో, దీపాల వెలుగులో, కెమెరాల కింద కనపడకుండా పోతుంది. బయటివాళ్లకి ఇది హాస్యం. మాకు వారానికోసారి వచ్చే జ్వరం.

1985లో మద్రాసు రేవులో ట్యాలీ గుమాస్తాగా మొదలై, తూర్పు తీరంలో మూడు టెర్మినళ్లు తిరిగి, చివరి ఇరవై ఏళ్లూ యార్డు సాఫ్ట్‌వేర్ దగ్గర కాపలా కాసి రిటైరయ్యాను. ఏ తంటా ఏ టెర్మినల్‌లో జరిగిందో చెప్పను, అడక్కండి. ఆ తంటాలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో చెబుతాను. దానికి కంప్యూటర్ పుట్టకముందుకి వెళ్లాలి.

మాది కాకినాడ. నాన్న అక్కడే ట్యాలీ గుమాస్తా. కాకినాడ రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకొచ్చేవి కావు, హోప్ ఐలాండ్ చాటున లోతు నీళ్లలో లంగరేసి నిలబడేవి. బియ్యం బస్తాలు కాలవలోంచి బార్జీల మీద వాటి దగ్గరికి వెళ్లేవి. బార్జీ మీద నాన్న, ఓడ మీద ఓడవాళ్ల గుమాస్తా. ఇద్దరి చేతుల్లోనూ ఒకటే రకం కాగితం. స్లింగు లేచినప్పుడల్లా ఒక గీత, నాలుగు నిలువు గీతలయ్యాక వాటి మీద ఒక అడ్డగీత. సాయంత్రానికి రెండు కాగితాలూ కలవాలి. కలవకపోతే సంతకం ఉండదు, సంతకం లేకపోతే మర్నాడు గొడవ. చాకలి పద్దు లాంటిదే, కాకపోతే చొక్కాలకి బదులు బస్తాలు.

కళాసీలు పైకి లెక్కపెడుతుంటే నేను చిన్నప్పుడు విన్నాను. ఒకటికి "లాభం" అనేవారు. ఆరు తర్వాత ఏడు రాదు, "ఆరున్నొక్కటి" వస్తుంది. ఏడు అంటే ఏడుపు కదా, సరుకు దగ్గర ఆ మాట అనకూడదు. కొత్తగా వచ్చిన ఓడవాళ్ల గుమాస్తాకి ఇది అర్థంకాక ఆరు దగ్గరే ఆగిపోయి, మళ్లీ ఒకటి కలిపి రాసుకునేవాడట. ఆ సాయంత్రం రెండు కాగితాల మధ్యా తేడా. అది తీర్చడానికి నాన్న బస్తాల జోలికి పోలేదు, ఆ గుమాస్తా చేత పైకి లెక్కపెట్టించాడు. తప్పు సరుకులో ఉందా, లెక్కలో ఉందా, లెక్క చెప్పిన మాటలో ఉందా అని విడదీయడం నేను అక్కడే చూశాను. ఆ తర్వాత ఏ ట్రైనింగులోనూ అంతకంటే పనికొచ్చేది నేర్పలేదు.

ట్యాలీ అన్న మాటే కర్ర మీద గాట్లు పెట్టే అలవాటు నుంచి వచ్చింది. ఇంగ్లండు ఖజానావాళ్లు వందల ఏళ్లపాటు అప్పుల లెక్క కర్రముక్కల మీద గాట్లుగా దాచుకున్నారు. ఆ ముక్కలు ఇంక అక్కర్లేదని 1834లో పార్లమెంటు కిందున్న పొయ్యిల్లో వేసి తగలబెట్టబోతే, పార్లమెంటు భవనమే కాలిపోయింది. పాత డేటా తీసేసేటప్పుడు కుర్రాళ్లకి ఈ కథ చెప్పేవాణ్ణి. వాళ్లు నవ్వేవాళ్లు, నేను మాత్రం బ్యాకప్ తీశారా లేదా అని మళ్లీ అడిగేవాణ్ణి.

మద్రాసులో అయితే హార్బరు కట్టకముందు ఇంకా కష్టం. మేకు లేకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవల్లో, అలల మీంచి సరుకు దింపేవారు. అక్కడి నుంచి మా నాన్న బార్జీ దాకా రేవు గుమాస్తాని అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎన్ని? ఎన్ని బస్తాలు దిగాయి, ఎన్ని చిరిగాయి, ఎన్ని తగ్గాయి? సరుకు ఎక్కడుందని అడిగేవాడు లేడు. ఉన్నది ఎదురుగా షెడ్డులోనే కదా.

ఆ ప్రశ్న మారడానికి కారణం ఒక లారీల యజమాని. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ అనే అమెరికన్, 58 పెట్టెలు వేసుకున్న 'ఐడియల్ ఎక్స్' అనే ఓడని న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. పెట్టెలో ఏముందో రేవులో ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు. తలుపుకి సీలుంది, చాలు. ఎన్ని అన్న ప్రశ్న ఒక్కసారిగా తేలికైపోయింది. దాని జాగాలోకి ఇంకోటి వచ్చి కూర్చుంది: ఎక్కడ? ఒకే రంగు, ఒకే కొలత, ఒకదాని మీద ఒకటి అయిదు ఎత్తులు. అడుగున ఉన్నది కావాలంటే పైనున్న నాలుగూ తియ్యాలి. ఎక్కడుందో తెలియని పెట్టె లేనట్టే లెక్క.

మన దేశానికి తొలి కంటైనర్ ఓడ 1973లో కొచ్చిన్‌కి వచ్చింది, దాని పేరు 'ప్రెసిడెంట్ టైలర్'. కంటైనర్ల కోసమే కట్టిన టెర్మినల్‌ని మద్రాసులో 1983 డిసెంబర్‌లో ఇందిరాగాంధీ ప్రారంభించారు. రెండేళ్ల తర్వాత నేను చేరాను. రేవులో తెలుగువాళ్లు బోలెడుమంది. రాయపురంలో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా శ్రీకాకుళం యాస వినపడేది. మా తాతల తరం రంగం (రంగూన్) వెళ్లి రేవుల్లో మోసింది, మా తరం మద్రాసు చాలనుకుంది.

అప్పటి మా సాఫ్ట్‌వేర్ గోడ మీద ఉండేది. గదిలో ఒక గోడంతా చెక్క బోర్డు, దానికి వరసగా గాళ్లు, గాళ్లలో ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారపు అట్టముక్కలు. ఒక్కో పెట్టెకి ఒక్కో కార్డు. దిగుమతికి ఒక రంగు, ఎగుమతికి ఒక రంగు, ఖాళీ పెట్టెకి ఇంకో రంగు. యార్డులో పెట్టె కదిలితే గుమాస్తా చీటీ రాసి పంపుతాడు, గదిలో కార్డు కదులుతుంది. చీటీ తెచ్చే కుర్రాడు దారిలో టీ తాగితే, ఆ పావుగంటా గోడ అబద్ధమాడుతున్నట్టే. సాఫ్ట్‌వేర్ వచ్చాక పావుగంట రెండు సెకన్లయింది. ఆ రెండు సెకన్లలో కూడా అబద్ధం అబద్ధమే.

మా మొట్టమొదటి సిస్టం క్రాష్ కూడా నాకు గుర్తే. బల్బు మార్చడానికి నిచ్చెన వేసినవాడు భుజంతో బోర్డుని తగిలించాడు. రెండు వరసల కార్డులు నేల మీద. సూపర్‌వైజరు అరవలేదు. ఒక్కటే అన్నాడు: "ఎవరూ ఏరకండి. ఊహించి పెట్టకండి." మమ్మల్ని నలుగురిని యార్డులోకి పంపి, ఆ రెండు బ్లాకుల్లో ఉన్న ప్రతి పెట్టె నంబరూ కళ్లతో చూసి రాయించాడు. మూడు గంటలు పట్టింది. కార్డులు ఏరి గుర్తున్నట్టు పెట్టేస్తే పది నిమిషాల్లో అయిపోయేది, కానీ ఆ తర్వాత నెలంతా పెట్టెలు వెతుక్కునేవాళ్లం. సర్వరు పడిపోయి లేచాక "చివరిది గుర్తుంది, కొట్టేస్తాను" అనే కుర్రాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఆ నిచ్చెనే కనపడేది.

ప్రపంచంలో మిగతా చోట్ల గోడ కంప్యూటర్‌లోకి వెళ్లడం అప్పటికే మొదలైంది. సింగపూర్ రేవు 1984లో పోర్ట్‌నెట్ పెట్టి ఓడల కంపెనీలతో కాగితాలు తగ్గించింది, 1988లో సిటోస్ అన్న సిస్టంతో యార్డు నడపడం మొదలుపెట్టింది. అదే 1988లో అమెరికాలోని ఓక్లండ్‌లో నావిస్ అనే కంపెనీ పుట్టింది. యార్డుని బొమ్మగా తెర మీద చూపించి, మౌసుతో పెట్టెని లాగి ఇంకోచోట పెట్టనిచ్చే ఆ తరహా సాఫ్ట్‌వేర్ చూసిన రోజు నాకు గోడ బోర్డే గుర్తొచ్చింది. కార్డులు కింద పడవు, అంతే తేడా అనుకున్నాను. చాలా తెలివితక్కువగా అనుకున్నాను.

పెట్టె నంబరు సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మా తంటాల్లో సగానికి అదే గుమ్మం. ముందు నాలుగు అక్షరాలు, వాటిలో మొదటి మూడూ యజమాని గుర్తు, నాలుగోది మామూలుగా 'యూ'. ఆ యజమాని గుర్తుల్ని పారిస్‌లోని బీఐసీ అనే సంస్థ నమోదు చేస్తుంది. తర్వాత ఆరు అంకెలు. చివర ఒక చిన్న గడిలో ఏడో అంకె. ఆ ఏడో అంకె కాపలాదారు. పాఠాల్లో చూపించే నంబరు ఒకటుంది: సీఎస్‌క్యూయూ 305438, గడిలో 3. ప్రతి అక్షరానికీ ఒక విలువ: ఏ అంటే 10, బీ అంటే 12, సీ అంటే 13. మధ్యలో 11ని వదిలేస్తారు, 22నీ 33నీ కూడా. మొదటి అక్షరాన్ని 1తో, రెండోదాన్ని 2తో, తర్వాత 4, 8, 16, చదరంగం గళ్లలో గింజల కథలా రెట్టింపు చేసుకుంటూ చివరి అంకెని 512తో గుణించాలి. అన్నీ కలిపితే 6185. దాన్ని 11తో భాగిస్తే మిగిలేది 3. గడిలో ఉన్నది అదే, సరిపోయింది.

ఇప్పుడు గేటు దగ్గర గుమాస్తా నిద్రమత్తులో 305438కి బదులు 305483 కొట్టాడనుకోండి. మొత్తం 4905 అవుతుంది, 11తో భాగిస్తే 10 మిగులుతుంది. ఒక్క గడిలో పది పట్టదు కాబట్టి 10 వస్తే 0 రాయాలని రూలు. 0కీ 3కీ పొత్తు కుదరదు, తెర ఎర్రబడుతుంది. పదికి సున్నా అనే ఈ రూలు మొదటిసారి చదివినప్పుడు ఏడుకి ఆరున్నొక్కటి అన్న మా కళాసీలే గుర్తొచ్చారు. ఎవరి ఇబ్బంది వాళ్లది.

కాపలాదారు పరిధి అంతవరకే. నంబరు నిజమైనదా అని చూస్తాడు తప్ప, నువ్వు చూస్తున్న పెట్టె అదేనా అని చూడడు. పక్క లారీ మీదున్న పెట్టె నంబరు తప్పు లేకుండా కొడితే తెర పచ్చగా నవ్వుతుంది. రెండు లారీలు అటుదిటు అయిపోయి, ఒకరి టైల్సు ఒకరికి వెళ్లాక గానీ తెలియదు.

నేను చూసిన తంటాల్లో సాఫ్ట్‌వేర్ నిజంగా తప్పు చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువ భాగం అది నమ్మిన మాట వల్ల వచ్చినవే. ఒక చలికాలంలో రొయ్యల పెట్టెలు వరసగా వచ్చాయి. మన కోస్తాలో రొయ్యల ఎగుమతి సంగతి చెప్పక్కర్లేదు, రీఫర్ అనే చల్లబరిచే పెట్టెలో మైనస్ 18 డిగ్రీల్లో గడ్డకట్టించి పంపాలి. అర్ధరాత్రి నుంచి తెర మీద అలారాలే అలారాలు: ఉండాల్సింది 18, ఉన్నది మైనస్ 18, తేడా 36 డిగ్రీలు. ఓడల కంపెనీ నుంచి వచ్చిన సందేశంలో ఆ చిన్న అడ్డగీత ఎక్కడో రాలిపోయింది. కొత్తగా చేరిన ఇంజనీరు కంగారుపడి రీఫర్ మెకానిక్‌కి ఫోన్ చేసి, అన్నిటినీ 18కి మార్చమన్నాడు. అవతల ఉన్నది నర్సాపురం పెద్దాయన. ప్లగ్గుల దగ్గర నిలబడే అన్నాడట: "బాబూ, రొయ్యల్ని 18లో పెడితే ఓడెక్కేలోపే వాటంతటవే నడిచి పోతాయి. సిస్టం నాకు చెప్పడం కాదు గానీ, నువ్వే సిస్టంకి చెప్పు." ఆ రాత్రి ఎన్ని లక్షలు మిగిలాయో లెక్క వేసినవాడు లేడు. ఆయనకి టీ ఇప్పించాను.

ఇంకొకటి గడియారం గొడవ. సర్వరు మార్చారు. కొత్తదాన్ని పెట్టినవాళ్లు గ్రీనిచ్ టైము అలాగే ఉంచేశారు. అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనక. పగలు ఎవరికీ అనుమానం రాలేదు. అర్ధరాత్రి దాటాక, తెల్లవారి అయిదున్నర దాకా గేటులోకి వచ్చిన పెట్టెలన్నీ సిస్టం లెక్కలో నిన్నే వచ్చాయి. యార్డులో ఉచితంగా ఉంచే రోజులు తేదీని బట్టే కదా. వాటికి ఒక రోజు అద్దె ఎక్కువ పడింది. పట్టుకున్నది మేం కాదు. ఒక కస్టమ్స్ ఏజెంటు గుమాస్తా, చేతిలో లారీ డ్రైవరు టోల్‌గేటు రసీదుతో వచ్చి, "నా బండి టోల్ దగ్గర ఉన్నప్పుడు మీ గేటులో ఎలా ఉందండీ?" అని అడిగాడు. తర్వాత మేమందరం గొప్పగా విశ్లేషణ చేశాం. అసలు తీగ లాగినవాడు మాత్రం ఆ రసీదు కుర్రాడే.

ఎత్తు తప్పులు ప్రాణాల మీదికి వస్తాయి. నలభై అడుగుల మామూలు పెట్టె ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు, దాని కోడ్ 42జీ1. హైక్యూబ్ తొమ్మిదిన్నర, కోడ్ 45జీ1. పంపినవాడు ఒకటి బదులు ఇంకొకటి కొడితే, అయిదు ఎత్తుల దొంతరలో అడుగుకి అడుగు పెరుగుతూ పోతుంది. క్రేను కింద పెట్టె దాటే సందు సన్నబడుతుంది. తెర మీద అంతా సమంగానే కనపడుతుంది. క్రేను డ్రైవరు పైనుంచి చూసి "ఇది ఎత్తు డబ్బా సార్" అని రేడియోలో చెప్పాలి. చెప్పే డ్రైవరు ఉన్నంతకాలం ఫరవాలేదు.

మొత్తం పడిపోతే ఏమవుతుందో 2017 జూన్ 27న ప్రపంచమంతా చూసింది. నాట్‌పెట్యా అనే వైరస్ మేర్స్క్ కంపెనీ కంప్యూటర్లని తుడిచిపెట్టింది. ముంబై పక్కన జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఆ గ్రూపు నడిపే టెర్మినల్ కూడా నిలిచిపోయింది. 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చిందని ఆ కంపెనీ అప్పటి చైర్మన్ జిమ్ హేగ్‌మన్ స్నాబే తర్వాత దావోస్‌లో చెప్పాడు. వాళ్ల నెట్‌వర్కుకి తాళంచెవి లాంటి సర్వరు నకళ్లన్నీ పోయి, ఒక్కటి మాత్రం ఘానాలో మిగిలిందట. కారణం: ఆ సమయానికి అక్కడ కరెంటు లేదు. కరెంటు కోతని తిట్టని రోజు లేని మా ఆఫీసులో ఈ వార్త చదివినప్పుడు ఒకాయన లేచి ఫ్యాను స్విచ్చికి దణ్ణం పెట్టాడు. మర్నాటి నుంచి మా దగ్గర రోజుకి రెండుసార్లు యార్డు మొత్తం జాబితా కాగితం మీద అచ్చు తీయడం మొదలైంది. ఖర్చు అని సణిగినవాళ్లు ఉన్నారు. నేను సంతకం పెట్టి ఫైలు చేసేవాణ్ణి.

వైరస్సే రానక్కర్లేదు. ఇంగ్లండులో అన్నిటికన్నా పెద్ద కంటైనర్ రేవు ఫెలిక్స్‌టో 2018 జూన్‌లో పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది పెట్టుకుంది. నెలల తరబడి ఓడలు ఆలస్యమయ్యాయి, లారీలు పడిగాపులు పడ్డాయి. ఆ వార్త చదివితే నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇల్లు మారినప్పుడు ఉప్పు డబ్బా దొరకడానికి వారం పట్టదూ?

మళ్లీ ఆ మూడింటి ఫోన్ దగ్గరికి వస్తాను. ఇది రిటైరయ్యే ముందు చివరి ఏడాది సంగతి. యంత్రం విడిభాగాల పెట్టె. పొద్దున పదింటికి కస్టమ్స్ వాళ్లు తెరిచి చూడాలి. తెరలో డీ బ్లాకు, 14వ బే, మూడో వరస, రెండో ఎత్తు. అక్కడ నిలబడి చూస్తే వేరే పెట్టె. కుర్రాడు అప్పటికే రెండుసార్లు ప్రోగ్రాం మూసి తెరిచాడు. మూసి తెరిస్తే పెట్టె వస్తుందా అన్నాను, తల గోక్కున్నాడు.

వెతకడానికి ఒక వరస ఉంది. ముందు ఆ పెట్టె చివరిసారి ఎప్పుడు కదిలిందో చూడాలి. రాత్రి 11:52. ఆ క్రేను దానికి ముందు చేసిన పని ఏది, తర్వాత చేసిన పని ఏది? తర్వాతి పని 11:52కే నమోదైంది. అదే నిమిషంలో రెండు పెట్టెలు! ఆ క్రేను ఎంత చురుకైనదైనా ఒక నిమిషంలో రెండు పెట్టలేదు. డీ బ్లాకు చివర, ఎత్తయిన రెండు దొంతరల మధ్య వైఫై సరిగ్గా అందదు. చుట్టూ ఇనుమే కదా. డ్రైవరు మొదటి పెట్టె దించి బటన్ నొక్కాడు, వెళ్లలేదు. రెండో పెట్టె దించి మళ్లీ నొక్కాడు. క్రేను బయటికి జరగ్గానే రెండు నొక్కులూ కలిసి వెళ్లాయి, వెనకది ముందు, ముందుది వెనక.

టార్చి తీసుకుని ఇద్దరం నడిచాం. మంచు కురుస్తోంది, పెట్టెల పక్కలు తడిగా ఉన్నాయి. కుర్రాడు ట్యాబ్ పట్టుకున్నాడు, నేను అలవాటుగా జేబులో సుద్దముక్క వేసుకున్నాను. మూడో వరస కాదు, నాలుగో వరస, రెండో ఎత్తులో ఉంది. నంబరు పైకి చదివాను, చివరి గడి అంకెతో సహా. కుర్రాడు సరిచూసి తలూపాడు. పెట్టె మీద సుద్దతో అడ్డంగా ఒక గీత గీశాను.

కుర్రాడు అక్కడే నిలబడి కొత్త చోటు కొట్టాడు: డీ, 14, నాలుగు, రెండు. తెర ఎర్రబడింది. ఆ చోట ఇంకో పెట్టె ఉందంటోంది. సిస్టం దృష్టిలో అక్కడున్నది, కింద అక్కడ లేదు. ఇందాక మూడో వరసలో కనపడ్డదే ఆ రెండోది అనుకున్నాం. వెనక్కి వెళ్లి దాని నంబరు చదివితే అది కూడా కాదు, మూడోది.

"ఇప్పుడేం చేద్దాం సార్?" అన్నాడు.

టైము నాలుగుంపావు. పదింటికి కస్టమ్స్. సుద్ద వాడి చేతికిచ్చి, 13వ బే నుంచి మొదలుపెట్టాం.